అరిసె విచ్చిపోయినా, గారె నూనె తాగినా తప్పు తడిదే

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు. నా పుట్టిల్లు కరీంనగర్ వైపు, అత్తవారిది కోనసీమ. ఏటా సంక్రాంతికి మేమే ఊరు వెళ్ళేవాళ్ళం. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువవడంతో పోయిన ఏడాది పండగ మా ఇంట్లో పెట్టుకున్నాం. పన్నెండు మందికే చేతులెత్తేశాను. ప్యాకెట్ బియ్యప్పిండితో చేసిన అరిసెలు నూనెలో వేయగానే విచ్చిపోయాయి. గారెలకు ముందురోజు రాత్రే పప్పు నానబోశాను, తీరా చూస్తే గారె నొక్కితే నూనె కారింది. కుక్కర్లో వండిన అన్నంతో పులిహోర ముద్దకట్టింది. ఈసారి రెండు వైపులవాళ్ళూ కలిసి 22 మంది, అందులో ఆరుగురు పిల్లలు. అత్తయ్యగారు, మామయ్యగారు భోగికి నాలుగు రోజుల ముందే వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోపే అరిసెలు చేసేసి దాచేయాలని ఉంది. పండగ రోజు బొబ్బట్లు, పరమాన్నం, పులిహోర, గారెలు, ఆవడలు పెడదామనుకుంటున్నాను. సకినాలు మా అమ్మ తెస్తానంది. ఇంట్లో మూడు బర్నర్ల స్టవ్, 2 లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్ ఉన్నాయి. మామయ్యగారికి షుగర్, తీపి అంతా బెల్లంతో చేస్తే ఫర్వాలేదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీరు రాసిన మూడు తప్పులూ మూడు వంటల్లో జరిగాయి గానీ కారణం ఒక్కటే. తడి ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఎక్కువైంది. అరిసెల పిండి పొడిగా ఉంది, పాకం పల్చగా ఉంది. మినపప్పు రాత్రంతా నీళ్ళు తాగింది. అన్నం కుక్కర్లో ఆవిరికి మెత్తబడింది. మీ చేతిలో లోపం లేదు, ఈ తడి లెక్క కుదిరితే ఈసారి మూడూ కుదురుతాయి.

ముందు అరిసెల సంగతి చూద్దాం, అన్నిటికన్నా మొండి వంట అదే కాబట్టి.

గోధుమపిండిలో ఉండే జిగురు బియ్యప్పిండిలో లేదు. అరిసెను పట్టి ఉంచేది పాకం ఒక్కటే. తడిపిండి అయితే ముందే నీళ్ళు పీల్చుకుని ఉంటుంది కనుక పాకాన్ని తాగేయకుండా దానితో కలిసిపోతుంది. పొడిపిండి అలా కాదు, పాకంలోని నీళ్ళన్నీ లాగేసుకుని గట్టిపడుతుంది. అది చూసి మనం పాకాన్ని లేతగానే దించుతాం, లేదా పిండి తగ్గిస్తాం. అప్పుడు నూనెలో పడగానే లోపలి నీళ్ళు ఆవిరై అరిసెను చీల్చుకుని బయటికొస్తాయి. మీకు జరిగింది బహుశా ఇదే. ప్యాకెట్ పిండి మీద నీళ్ళు చిలకరించి తడిపిండి చేద్దామనుకోకండి. పైన తడుస్తుంది గానీ లోపల నానదు.

కిలో బియ్యం తీసుకోండి. సోనా మసూరి కావచ్చు, దొడ్డు బియ్యం కావచ్చు, బాస్మతి మాత్రం వద్దు. పూర్తిగా 24 గంటలు నానాలి. ఎనిమిది గంటలకోసారి నీళ్ళు మార్చండి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. తర్వాత చిల్లుల గిన్నెలో పోసి అరగంట వాడ్చి, పొడి గుడ్డ మీద నీడలో పది పదిహేను నిమిషాలు పరచండి. ఫ్యాను వేయకండి. గుప్పిట్లోకి తీసుకుంటే గింజలు అరచేతికి అంటుకోవాలి, చుక్క నీరు మాత్రం కారకూడదు. సరిగ్గా అప్పుడే పిండి పట్టించాలి. మీ దగ్గర పిండిమరలో తడిబియ్యం పడతారో లేదో ముందే కనుక్కోండి. పండగ వారంలో పొద్దున్నే వెళితే మంచిది, మీ ముందు కారమో పసుపో పట్టకుండా చూసుకోండి. మర దొరక్కపోతే మిక్సీలోనూ అవుతుంది. చిన్న జారులో సగానికి మించకుండా వేస్తూ, పట్టినప్పుడల్లా సన్నని జల్లెడతో జల్లిస్తూ పోతే కిలోకి గంట పడుతుంది.

పిండి చేతికి రాగానే గిన్నెలో గట్టిగా అదిమి, పైన తడిగుడ్డ కప్పండి. గుప్పెడు పిండి పిసికితే ముద్దగా నిలబడాలి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోవాలి. నిలబడకపోతే ఆరిపోయిందని లెక్క. అందుకే తడిపిండిని రెండు మూడు గంటలకు మించి ఉంచకూడదు.

కిలో బియ్యపు పిండికి 800 గ్రాముల బెల్లం, 50 గ్రాముల నెయ్యి, 50 గ్రాముల నువ్వులు, పది యాలకులు. పిండిలోంచి వంద గ్రాములు తీసి మూత ఉన్న డబ్బాలో పక్కన పెట్టండి. దీని అవసరం తర్వాత తెలుస్తుంది. బెల్లం తరిగి చిన్న గ్లాసుడు నీళ్ళు పోసి కరిగించి, వడగట్టండి. ఇసుక ఉంటే పంటికింద తగిలి చేసిందంతా వృథా. తర్వాత అడుగు మందంగా ఉన్న గిన్నెలో మధ్యస్థపు మంట మీద మరిగించండి.

పాకాన్ని గడియారంతో చూడలేం, పళ్ళెంలో నీళ్ళతోనే చూడాలి. మొదట పెద్ద పెద్ద బుడగలతో నురగ పైకి లేస్తుంది. అప్పుడు చుక్క వేస్తే నీళ్ళలో కరిగి పసుపుగా పాకిపోతుంది. ఇంకాసేపటికి వేళ్ళ మధ్య తీగ సాగుతుంది. చాలామంది ఇక్కడే దించేస్తారు, అరిసెలు విచ్చిపోయేది ఈ పాకంతోనే. మరో రెండు మూడు నిమిషాల్లో బుడగలు చిన్నవై, చిక్కబడి, ‘బుడుక్ బుడుక్’మని నెమ్మదిగా పేలతాయి. ఇప్పుడు నీళ్ళలో వేసిన చుక్కను వేళ్ళతో దగ్గరికి తోస్తే మెత్తటి ఉండ అవుతుంది. పైకి తీసి వేలి మీద పెడితే ఆకారం ఉంటూనే కాస్త కుంగుతుంది. అదే లేత ఉండపాకం. ఆ క్షణమే పొయ్యి కట్టేయాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూపిస్తుంది, కానీ బెల్లం బెల్లానికీ తేడా ఉంటుంది కనుక తుది మాట పళ్ళెందే. ఉండను పళ్ళేనికి కొడితే టక్కుమని శబ్దం వచ్చిందంటే పాకం ముదిరిపోయింది, అది పల్లీ పట్టీకి పనికొస్తుంది గానీ అరిసెకు కాదు. అయినా కంగారు పడకండి. పిండి పోయకముందే గమనిస్తే పావు గ్లాసు వేడినీళ్ళు జాగ్రత్తగా పోసి, మళ్ళీ మరిగించి ఉండపాకానికి తెచ్చుకోవచ్చు.

పాకం చూసేటప్పుడు గిన్నె మంట మీదే ఉంటుంది, అది ముదిరేది కూడా అప్పుడే. చుక్క వేసి పరీక్షించే ప్రతిసారీ మంట పూర్తిగా తగ్గించండి. ఇదొక్కటి పాటిస్తే సగం తప్పులు తప్పుతాయి.

దించిన పాకంలో నెయ్యి, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి కొద్దికొద్దిగా పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఇది ఒక్క మనిషి పని కాదు. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో కలిపితే ఉండలు కట్టడం ఖాయం. పిండి ముప్పాతిక వంతు పడ్డాక ఆగి చూడండి. తెడ్డు ఎత్తితే చలిమిడి ముద్దముద్దగా జారాలి, దోసెపిండిలా కారకూడదు, తెడ్డుకు పట్టుకుని వేలాడిపోకూడదు. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి ఈ దశలో కొంచెం మెత్తగా ఉండటమే సరి. ఆ లెక్కన పిండి కొద్దిగా మిగిలినా మిగలొచ్చు. పైన చెంచా నెయ్యి రాసి మూత పెట్టండి.

ఇప్పుడు ఒక్క అరిసె వేసి చూడండి. మొదటి వాయి ఎప్పుడూ ఒక్కటే. నూనె మధ్యస్థంగా కాగాలి. చిన్న చలిమిడి ముక్క వేస్తే అడుగుకు వెళ్ళి రెండు మూడు సెకన్లలో తేలాలి. వేయగానే తేలి రంగు మారితే నూనె బాగా కాగిపోయింది, పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, ఆ నూనెలో మంచి పాకం అరిసె కూడా విడిపోతుంది. నువ్వులు అద్ది, నెయ్యి రాసిన అరిటాకు మీదో పాలిథిన్ కాగితం మీదో వత్తి వదలండి.

అరిసె విచ్చిపోయిందా, పక్కన పెట్టిన వంద గ్రాముల పిండిలోంచి గుప్పెడు వేసి మెదిపి మళ్ళీ ఒకటి వేసి చూడండి. తడిపిండి మొత్తం అయిపోతే రెండు చెంచాల గోధుమపిండి పట్టు ఇస్తుంది. రుచి రవ్వంత తగ్గుతుంది, పరువు నిలబడుతుంది. అదే అరిసె బిరుసుగా వచ్చి అంచులు పగిలితే వేడి పాలు చెంచా చెంచాగా చల్లుతూ నెయ్యి చేత్తో మెదపండి. రెండు వైపులా ఎర్రగా వేగాక చిల్లుల గరిటెతో తీసి, అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కి నూనె పిండేయాలి. చెక్కలు లేకపోతే వెడల్పాటి గరిటెలు రెండు చాలు. పూర్తిగా చల్లారేదాకా ఒకదానిమీద ఒకటి పేర్చకండి, అంటుకుపోతాయి. కిలోకి వత్తే సైజును బట్టి 45 నుంచి 50 దాకా వస్తాయి. ఇంటికి వచ్చినవాళ్ళకు పెట్టి, వెళ్ళేటప్పుడు కట్టివ్వాలంటే రెండు కిలోలు చేయండి, కానీ ఏ కిలోకి ఆ కిలో విడిగా పాకం పట్టండి. రెండు కిలోల చలిమిడి ఒకేసారి కలిపితే, సగం వేయించేలోపు మిగతా సగం రాయిలా అవుతుంది.

ఇక మీ ఆలోచనలో నాకు నచ్చనివి రెండున్నాయి. ఒకటి, అత్తయ్యగారు రాకముందే అరిసెలు దాచేయాలనుకోవడం. ఇద్దరు మనుషులు కావాల్సిన వంట ఇది, పైగా కోనసీమలో ఏళ్ళ తరబడి పాకం చూసిన చెయ్యి మీ ఇంటికే వస్తోంది. నిలబడటం కష్టమైతే వంటింట్లో కుర్చీ వేసి, నీళ్ళ పళ్ళెం ఆవిడ చేతికివ్వండి. ఉండపాకం వచ్చిందో లేదో ఆవిడ చెబుతారు, పిండి ఆవిడ పోస్తారు, కలపడం మీ పని. వాళ్ళు దిగిన రోజు బియ్యం నానబోస్తే మర్నాటికి అరిసెలు అయిపోతాయి, భోగికి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంటుంది.

రెండోది, సంక్రాంతి ఒక్కరోజే అయిదు రకాలు పెట్టాలనుకోవడం. మూడు బర్నర్ల మీద అది కుదిరే పని కాదు. అపార్ట్‌మెంటు స్టవ్ మీద నిజంగా మంట ఉండేది ఒక్క పెద్ద బర్నర్‌కే. పక్క చిన్న బర్నర్ మీద ఆరు లీటర్ల గిన్నె పెడితే నీళ్ళు మరగడానికే గంట పడుతుంది. అందుకని బొబ్బట్లు మానేయండి. 22 మందికంటే తక్కువలో తక్కువ యాభై బొబ్బట్లు, ఒక్కోటి పెనం మీద రెండు వైపులా కాల్చాలి, మీరు పూర్తిగా ఆ పెనానికే కట్టుబడిపోతారు. దానికి బదులు 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకులు కోనసీమవాళ్ళకు ఇంటి పక్కవే. మామయ్యగారిని రెండు పెట్టెలు తెమ్మనండి. మీ పుట్టింటివాళ్ళకు అదే ముచ్చటగా ఉంటుంది.

గారెలు, ఆవడలు కూడా సంక్రాంతి నుంచి తీసేసి కనుమకు మార్చండి. కనుమ నాడు మినుము తినాలని ఎలాగూ అంటారు కదా, పెద్దవాళ్ళెవరూ కాదనరు.

అప్పుడు సంక్రాంతి రోజు అప్పడాలు తప్ప డీప్ ఫ్రై అనేదే ఉండదు. పులిహోర, పరమాన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, చిక్కుడుకాయ కూర, అప్పడాలు, పెరుగు. విస్తరి నిండుగానే ఉంటుంది, మీరూ నలుగురితో కూర్చుని తినగలరు.

పులిహోరకు కిలో పాత బియ్యం చాలు. ఇంకో అన్నం కూడా ఉంటుంది కాబట్టి 22 మందికి సరిపోతుంది. పండగకు ఎక్కడ చూసినా కొత్త బియ్యమే ఉంటుంది, దానిలో తేమ ఎక్కువ, ఎంత జాగ్రత్తగా వండినా అతుక్కుంటుంది. దాన్ని పరమాన్నానికి ఉంచండి. కుక్కర్ జోలికి వెళ్ళకుండా అన్నం వార్చండి. పెద్ద బర్నర్ మీద అయిదు లీటర్ల నీళ్ళు మరిగాక చెంచా నూనె, ఇరవై నిమిషాలు నానిన బియ్యం వేస్తే పది పన్నెండు నిమిషాల్లో అవుతుంది. మెతుకు చిదిమితే మధ్యలో దారమంత పలుకు కనపడాలి, అప్పుడే వార్చేయాలి. ఆ పలుకు అన్నం వేడికే మగ్గిపోతుంది. రెండు వెడల్పాటి పళ్ళేల్లో ఆరబోసి, పసుపు, మూడు చెంచాల నువ్వుల నూనె, పచ్చి కరివేపాకు వేసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడన్నంలో గరిటె పెట్టి కలిపారంటే మెతుకు విరిగి గంజి బయటికొచ్చి ముద్దవుతుంది. పోయినసారి కుక్కర్ సగం చెడగొడితే, ఈ తొందర మిగతా సగం చెడగొట్టి ఉంటుంది.

చింతపండు గుజ్జు భోగి రాత్రే చేసి పెట్టుకోండి. కిలో బియ్యానికి 120 గ్రాముల చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా రెండు గ్లాసులు పిండండి. 150 మిల్లీలీటర్ల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేగాక చీల్చిన పచ్చిమిర్చి, గుజ్జు, పసుపు, మూడు చెంచాల ఉప్పు, నిమ్మకాయంత బెల్లం వేసి సన్నని మంట మీద ఉడికించండి. పావుగంట దాటాక నూనె అంచుల్లో తేలుతుంది. అది తేలకముందే దించితే పచ్చి చింతపండు వాసన పోదు, గుజ్జులో మిగిలిన నీళ్ళు అన్నాన్ని మళ్ళీ తడిపేస్తాయి. కలిపేటప్పుడు పావు వంతు గుజ్జు దాచుకోండి. అరగంట తర్వాత అన్నం పులుపు లాగేసుకుని చప్పబడుతుంది, అప్పుడు రుచి చూసి అది వేయాలి. ఉప్పు కూడా ఆ రెండో రుచిలోనే సరిచూడండి. పల్లీలు, శనగపప్పు, మినపప్పు, జీడిపప్పు విడిగా వేయించి వడ్డించే ముందు వేస్తే కరకరలాడతాయి. కోనసీమ పద్ధతిలో ఆవ పెట్టాలంటే రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కాసిని నీళ్ళతో నూరి, చల్లారిన పులిహోరలోనే కలపండి. వేడిలో వేస్తే ఆవ ఘాటు ఎక్కదు.

పరమాన్నానికి అరకిలో కొత్త బియ్యం, పిడికెడు పెసరపప్పు, రెండున్నర లీటర్ల పాలు, లీటరు నీళ్ళు, 700 గ్రాముల బెల్లం. పాలు విరిగిపోతాయన్న భయంతో కొందరు చక్కెరకు మారిపోతారు. బెల్లంలో ఉండే కాస్త పులుపు, మరిగే వేడి కలిసినప్పుడే పాలు విరుగుతాయి. రెంటినీ విడదీస్తే చాలు. బెల్లం వేరే గిన్నెలో కరిగించి వడగట్టి చల్లార్చండి. బియ్యం పాలలో మెత్తగా ఉడికాక పొయ్యి కట్టేసి, పది నిమిషాలు ఆగి, అప్పుడు కలపండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టొద్దు. చల్లారాక గట్టిపడుతుంది కాబట్టి రెండు గ్లాసుల కాచిన పాలు పక్కన ఉంచుకోండి.

ఆ రోజు పెద్ద బర్నర్ మీద ఏడింటికి పులిహోర అన్నం, ఎనిమిదింటికి పరమాన్నం, తొమ్మిదిన్నరకు దప్పళం, పదకొండున్నరకు తెల్లన్నం. మధ్య బర్నర్ మీద పప్పు, తర్వాత కూర. చిన్నది పోపులకు, బెల్లం కరిగించడానికి, కాఫీలకు. పిల్లల పాలకు, పెద్దల కాఫీకి స్టవ్ ఎంతసేపు పోతుందో ఎవరూ లెక్కేయరు. ఉదయం ఆరింటికే రెండు ఫ్లాస్కులు నింపేస్తే ఆ గొడవ ఉండదు.

కనుమ నాడు గారెలు. మనిషికి నాలుగు చొప్పున తొంభై గారెలకు కిలోంపావు మినపగుళ్ళు. ఉదయం ఆరింటికి నానబోయండి, పదింటికి రుబ్బండి. నాలుగు గంటలకు మించి అక్కర్లేదు. రాత్రంతా నానిన పప్పు ముందే నిండుగా నీళ్ళు పీల్చి ఉంటుంది, మీరు చుక్క పోయకపోయినా పిండి జారుగానే వస్తుంది. ఆ నీరు నూనెలో ఆవిరైపోయిన ఖాళీలోకి నూనె చేరుతుంది. గారె పిండితే కారింది అదే.

మీ గ్రైండర్‌లో మూడు వాయిలు, ఒక్కో వాయికి 400 గ్రాముల చిల్లర పప్పు. 2 లీటర్లంది కదా అని కిలో పోస్తే పిండి ఉబ్బి పొత్రం పైకి ఎక్కుతుంది, కింద పప్పు నలగదు. పప్పు వాడ్చి, ముందు నీళ్ళు పోయకుండా తిప్పి, తర్వాత ఫ్రిజ్ నీళ్ళు చేత్తో చిలకరిస్తూ పాతిక నిమిషాలు రుబ్బండి. వాయి మొత్తానికి 120 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోండి. గిన్నెలో నీళ్ళు పోసి గోళీ అంత పిండి వేస్తే తేలాలి. మునిగితే ఇంకా గాలి పట్టలేదు. ఇంకో అయిదు నిమిషాలు తిప్పండి, లేదా తీసి ఒకే వైపు చేత్తో గిలకొట్టండి. నీళ్ళు పోయొద్దు. రుబ్బిన పిండి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఉప్పు, అల్లం, మిరియాలు, జీలకర్ర వేయించే ముందే కలపండి. ఉప్పు ముందే వేస్తే పిండి నీరు వదిలి జారుతుంది, ఉల్లిపాయ ముక్కలైతే మరీను. అప్పటికీ జారుగా ఉంటే వాయికి రెండు చెంచాల బియ్యప్పిండి వేసి పదినిమిషాలు ఆగండి. ప్యాకెట్ పిండి పనికొచ్చేది ఇక్కడే. వంటసోడా మాత్రం వేయకండి, గారె ఉబ్బినట్టే కనపడి రెట్టింపు నూనె తాగుతుంది.

నూనె బాగా కాగాక మంట మధ్యస్థానికి తగ్గించి, మూకుట్లో ఆరు గారెలకు మించకుండా వేయండి. ఒక్కసారే పది వేస్తే నూనె చల్లబడుతుంది, మళ్ళీ కాగేలోపు అవి తాగేవి తాగేస్తాయి. వాయికి నాలుగు నిమిషాలు, పదిహేను వాయిలు, అంటే గంట. పన్నెండింటికి మొదలుపెడితే మొదటి పంక్తికి వేడివేడిగా వేసి, మిగతావి రెండో పంక్తి కూర్చునేసరికి పూర్తవుతాయి. ఇరవై గారెలు తీసి వేడినీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, చిలికిన పెరుగులో వేసేస్తే సాయంత్రానికి ఆవడలు సిద్ధం. వాటికి విడిగా పిండి రుబ్బనక్కర్లేదు. పెరుగు పల్చగా ఉండాలి, గారెలు రెండు గంటల్లో సగం లాగేస్తాయి.

గారెల్లోకి నాటుకోడి పెడితే ఎముకతో కలిపి నాలుగు కిలోలు తీసుకోండి. అది బ్రాయిలర్‌లా పావుగంటలో ఉడకదు. ఉదయమే పసుపు, ఉప్పు, కాసిని నీళ్ళతో కుక్కర్లో ఆరేడు కూతలు రానిచ్చి పక్కన పెట్టుకుంటే మసాలా పని తర్వాత అరగంటే. మూకుడికి పెద్ద బర్నర్ కావాలి కాబట్టి కోడి పదకొండున్నరకల్లా దిగిపోవాలి.

మామయ్యగారి విషయం సూటిగా చెప్పాలి. చక్కెర బదులు బెల్లం వాడితే షుగర్‌కు మేలేమీ లేదు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను దాదాపు అలాగే పెంచుతుంది. ‘బెల్లమే కదా’ అని రెండు గరిటెలు ఎక్కువ వేసుకోవడమే ప్రమాదం. ఆయనకోసం అరిసెల్లో బెల్లం తగ్గిద్దామంటే పాకమే కుదరదు. అందరికీ చేసిందే చేసి, ఆయనకు సగం అరిసెనో రెండు చెంచాల పరమాన్నమో భోజనం మధ్యలో పెట్టండి. చిక్కుడుకాయ కూర కాస్త ఎక్కువ చేస్తే విస్తరి ఖాళీగా కనిపించదు. దప్పళంలో బెల్లం వేసే ముందే ఆయన వాటా వేరే గిన్నెలోకి తీయండి.

కొన్ని చిల్లర సంగతులు. జంతికలు చేసేటట్టయితే అరిసెలకన్నా ముందు అవే వేయించండి. అరిసెల నుంచి రాలిన నువ్వులు, బెల్లం మాడి నూనె నల్లబడుతుంది, ఆ తర్వాత అందులో వేసిన ప్రతిదీ చేదుగా ఉంటుంది. అరిసెల నూనె వడగట్టి గారెలకు వాడదామనుకోకండి, వేరే ప్యాకెట్ తీయండి. గ్యాస్ బండ నిండుది ఒకటి అదనంగా ఉందో లేదో వారం ముందే చూసుకోండి, పండగ మూడు రోజులూ డెలివరీ దొరకడం కష్టం.

మిగిలిన పులిహోర ఆ రాత్రికి బయట ఉన్నా ఫర్వాలేదు, పులుపు, నూనె కాపాడతాయి. తెల్లన్నం, పరమాన్నం అలా ఉండవు. భోజనాలు అవగానే చిన్న గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెతో పెడితే మధ్యలో వేడి రాత్రిదాకా పోదు, పాడయ్యేది అక్కడి నుంచే.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి మీవాళ్ళు బయల్దేరేది ముక్కనుమ నాడే. ఆ ముందు రాత్రే పొట్లాలు కట్టండి. అమ్మగారు తెచ్చిన సకినాలు, మీరు చేసిన అరిసెలు ఒకే డబ్బాలో పెట్టకండి. అరిసెలో తేమ ఉంటుంది, సకినం దాన్ని లాక్కుని ఒక్క రాత్రిలో మెత్తబడుతుంది. అరిసెల మధ్య బటర్ పేపర్ వేసి స్టీలు డబ్బాలో, సకినాలు విడిగా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో. రైలుకైనా బస్సుకైనా సకినాల డబ్బా పైన, అరిసెలది కింద.